వైడూర్యం ఉంగరాలు చేయించుకునేవారికి జాగ్రత్త హెచ్చరిక

మన కొండల్లో స్వయంగా ఏరి తెచ్చిన ముడిరాళ్లను చేత్తో సానపట్టి, వెండిలో పొదిగి ఇస్తామని చెప్పే ఒక అమ్మకందారు దగ్గర నేను విజయనగరంలో వైడూర్యం ఉంగరం చేయించుకున్నాను. 18,000 రూపాయలు తీసుకుని ఇచ్చిన ఆ ఉంగరంలో ఉన్నది వైడూర్యం కాదు, గాజు. ఇవే మాటలతో శ్రీకాకుళం వైపు కూడా అమ్మకాలు సాగుతున్నాయని తెలిసినందున, ఇంకెవరి డబ్బూ పోకూడదని ఈ విషయం రాస్తున్నాను.

వాళ్లు చెప్పే మాట నమ్మశక్యంగా ఉండడం వల్లే ఈ మోసం సాగుతోంది. ఉత్తరాంధ్ర కొండల్లోని ఖొండలైట్ అనే శిలల్లో గార్నెట్లు అనే రత్నపురాళ్లు విరివిగా ఉంటాయి. క్రైసోబెరిల్, అంటే మన వైడూర్యం, ఈ ప్రాంతంలో దొరికిన మాట కూడా నిజమే. నాకు మొదట చూపిన ముడిరాయి అసలుదే అయి ఉండవచ్చు కానీ, పొదిగింది మాత్రం దానిని కాదు.

ఉంగరం అడుగుభాగాన్ని వెండి రేకుతో పూర్తిగా మూసేశారు. కేతు దోషానికి ధరించే వైడూర్యం వేలికి తగిలేలా అడుగు తెరిచి ఉంచడం మన కంసాలులకు తెలిసిన పద్ధతే. ఇదేమిటని అడిగితే, రాయి కదలకుండా అలా చేశామని చెప్పారు. గంటస్తంభం దగ్గర ఒక కంసాలి చేత రేకు విప్పించి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంలో రాయి పక్కభాగాన్ని చూస్తే, తేనెపట్టు గదుల్లాగా ఆరు మూలల గళ్లు బారులు తీరి కనిపించాయి. సన్నని గాజు పోగులను కట్టగా కలిపి అతికించి తయారుచేసే నకిలీ రాయి గుర్తు అది. పైనుంచి చూసినప్పుడు వైడూర్యంలో పిల్లికన్నులా మెరిసే గీత మాత్రం ఈ నకిలీలో అసలు రాయిని మించి పదునుగా ఉంటుంది కాబట్టి, దాన్ని చూసి మురిసిపోవద్దు.

ఇలా చేయించుకోదలచినవారు ముడిరాయిని ముందే తూకం వేయించి ఫోటో తీసుకోవాలి. సానపట్టాక, పొదగక ముందే, విడిరాయిని మళ్లీ తూయించి రత్న పరీక్షా కేంద్రానికి పంపాలి. క్రైసోబెరిల్ వక్రీభవన గుణకం (రాయి కాంతిని ఎంత వంచుతుందో చెప్పే కొలత) సుమారు 1.75 కనుక, ఆ కొలత, భూతద్దపు పరీక్ష రెండూ చూస్తే అక్కడివారికి విషయం తేలిపోతుంది. సానలో సగానికి పైగా బరువు పోవడం మామూలే. 10 క్యారెట్ల ముడిరాయి నుంచి 9 క్యారెట్ల రాయి వచ్చిందని ఎవరైనా చెబితే, అక్కడే ఆగి నిలదీయండి. బిల్లులో ‘సహజ క్రైసోబెరిల్’ అనీ, క్యారెట్లలో బరువు ఎంత అనీ రాయించుకోండి. నాకిచ్చిన చీటీలో ‘రాయి ఉంగరం’ అని మాత్రమే ఉంది. రోజంతా సానరాయి దగ్గర కూర్చుని నిజాయితీగా పనిచేసే వారెవరూ ఈ వివరాలు ఇవ్వడానికి వెనుకాడరు.

డబ్బు తిరిగి ఇవ్వడానికి అమ్మకందారు ఒప్పుకోనందున, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తున్నాను. అక్కడ 5 లక్షల రూపాయల వరకు ఫీజు లేదు, ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. ఇలాంటి ఉంగరం ఇప్పటికే కొన్నవారు చీటీని, చెల్లింపు రుజువును, అమ్మకందారు పంపిన సందేశాలను భద్రపరచుకుని, రేకు విప్పేటప్పుడు వీడియో తీయించుకోండి.