తెనాలి ఇంటికి సొంత వెబ్‌క్యామ్ సర్వర్: ఏళ్లుగా వాడాక నా మాట

అమ్మానాన్నలు తెనాలిలో, నేను హైదరాబాద్‌లో. నెలనెలా క్లౌడ్ చందా కట్టకుండా, మా ఇంటి వీడియో ఎవరి సర్వర్‌కీ పోకుండా చూసుకోవాలని రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద మోషన్‌ఐ అనే కెమెరా సాఫ్ట్‌వేర్ పెట్టాను. గేటు వైపు యూఎస్‌బీ వెబ్‌క్యామ్, పెరట్లో నెట్‌వర్క్‌కు నేరుగా కలిసే ఐపీ కెమెరా. ఇంటి లోపల కెమెరా వద్దని అమ్మ ముందే చెప్పేసింది. ఆ మాట నాకూ సబబే అనిపించింది.

ఇంట్లో వైఫైలో చూడటం తేలికే. అసలు పని బయటి నుంచి చూడటం. మన దగ్గర చాలా కనెక్షన్లలో ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్ చిరునామాని) బోలెడు ఇళ్లకు పంచుతారు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే రౌటర్‌కు బయటి వైపున్న చిరునామా, 100.64 నుంచి 100.127 లోపు కనిపిస్తే పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి లోపలి కెమెరాకు రౌటర్‌లో దారి తెరవడం) ఎంత చేసినా పనిచేయదు. మన ఇంటికే సొంతంగా ఉండే, మారని స్టాటిక్ ఐపీ కొనుక్కోవచ్చు కానీ, కెమెరా కోసం పోర్టు తెరవడం నాకు ససేమిరా ఇష్టం లేదు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లోకే దూరింది. మోషన్‌ఐలో అడ్మిన్‌కు మొదట పాస్‌వర్డే ఉండదు, అది పెట్టాకే మిగతా పని.

అందుకే రాస్ప్‌బెర్రీ పైలోనూ నా ఫోన్‌లోనూ టెయిల్‌స్కేల్ వేశాను. వైర్‌గార్డ్ అనే ప్రోటోకాల్ మీద నడిచే వీపీఎన్ అది, అంటే నా ఫోన్‌కూ ఇంటి కంప్యూటర్‌కూ మధ్య గుట్టుగా ఉండే దారి. రౌటర్ ముట్టుకోనక్కర్లేదు. ఆఫీసులో ఫోన్ తీసి 8765 పోర్టుతో రాస్ప్‌బెర్రీ పై అడ్రస్ కొడితే మా గేటు కనిపిస్తుంది. ఇన్నాళ్లలో టెన్షన్ పెట్టనిది ఇదొక్కటే.

మోషన్ అలర్ట్‌లు మాత్రం ఓపిక అడుగుతాయి. మధ్యాహ్నం కొబ్బరాకుల నీడ వాకిట్లో ఊగితే చాలు, ఫోన్ మోగేది. ఫ్రేమ్ చేంజ్ థ్రెషోల్డ్ (బొమ్మ ఎంత మారితే అలర్ట్ రావాలో చెప్పే హద్దు) కాస్త పెంచి, నీడ పడే మూలను పట్టించుకోకుండా మాస్క్ గీశాక తగ్గింది. రాత్రి లైటు చుట్టూ పురుగులు మూగితే ఇప్పటికీ మోగుతుంది. వెబ్‌క్యామ్‌కు ఇన్‌ఫ్రారెడ్ లేదు కాబట్టి గేటు లైటు వెలిగే ఉండాలి.

రికార్డింగులు ఎస్‌డీ కార్డు మీద వద్దు, రాసీ రాసీ అరిగిపోతుంది. యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ పెట్టండి. రాస్ప్‌బెర్రీ పైకి 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టరే వాడండి. దాన్నొక్కదాన్నే ఇన్వర్టర్ లైన్‌కు కలిపితే చాలదు, కరెంటు పోయినప్పుడు రౌటర్, ఫైబర్ బాక్స్ కూడా వెలుగుతూ ఉండాలి.

మోషన్‌ఐలో మాటలు వినపడవు, బొమ్మే. శబ్దం కూడా రికార్డు కావాలనుకునేవాళ్లు ఫ్రిగేట్ అనే మరో కెమెరా సాఫ్ట్‌వేర్ వైపు చూడండి.