ఒంగోలులో పుట్టినచోటు రాసి అమ్మే టీపొడి దుకాణం

పొదిలి నుంచి పని మీద ఒంగోలు వెళ్ళినప్పుడు, ట్రంకు రోడ్డుకు ఆనుకుని ఉన్న ఒక సందులో విడి టీపొడి తూచి అమ్మే చిన్న దుకాణంలో ఈ ఏడాది మూడుసార్లు సరుకు కొన్నాను. అక్కడ ప్రతి డబ్బా మీద ఆ ఆకు పెరిగిన ప్రాంతం, తోట పేరు, గ్రేడు, ఆ సరుకు ఇన్వాయిస్ నంబరు రాసిన చీటీ అంటించి ఉంటుంది. "సంచి మీద ఉన్నదే రాస్తాను సార్, లేనిది రాయను" అంటూ యజమాని నీలగిరిలోని కూనూరు టీ వేలం నుంచి వచ్చిన సంచిని లోపలి నుంచి తెచ్చి చూపించారు. చీటీలోని వివరాలు దానితో సరిపోయాయి.

ఈ చీటీకి నేను ఇంత విలువ ఇవ్వడానికి కారణం ఉంది. ఆమ్లగుణం గల నేలల్లో పెరిగే టీ మొక్క మాంగనీసు, అల్యూమినియం, ఫ్లోరైడ్‌లను చాలా పంటల కంటే ఎక్కువగా పీల్చుకుని ఆకులో నిలవ చేసుకుంటుంది. అస్సాం తోటలు బ్రహ్మపుత్ర ఒండ్రు మీద, డార్జిలింగ్ తోటలు హిమాలయపు నైస్ శిలలు చివికిన వాలుల మీద, నీలగిరి తోటలు చార్నొకైట్ రాయి చివికిన ఎర్రమట్టి మీద ఉన్నాయి కాబట్టి, ఆకులోని ఖనిజాల పాళ్ళు కూడా చోటును బట్టి మారతాయి. ప్రయోగశాలల్లో ఆకును ఆమ్లంలో కరిగించి, రుబిడియం, సీజియం, స్ట్రాన్షియం వంటి మూలకాలను కొలిచి, పుట్టుక తెలిసిన నమూనాలతో పోల్చి, ప్యాకెట్ మీద రాసిన ఊరు నిజమో కాదో పరీక్షిస్తారు. ఏ ఒక్క మూలకంతోనూ అది తేలదు. పొటాషియం ఎరువును బట్టి మారుతుంది, అల్యూమినియం ఆకు ముదిరేకొద్దీ పెరుగుతుంది, ఇనుము ఆకును నలిపి, చింపి, పలుకులుగా చుట్టే సీటీసీ యంత్రపు రోలర్ల అరుగుదల నుంచి కూడా కలుస్తుంది. 2004లో మన దేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు పొందిన డార్జిలింగ్ టీ పేరుతో వేరే ఆకు అమ్ముడుపోకుండా చూడటానికి ఇటువంటి పరీక్షలు అవసరం. చిల్లర దుకాణదారు అంత పరీక్ష చేయించలేడు, కానీ సంచి మీది వివరాలను పోగొట్టకుండా కొనేవారి దాకా చేర్చగలడు. ఈయన ఆ పని శ్రద్ధగా చేస్తున్నారు.

పొదిలి, కనిగిరి ప్రాంతాల వారికి ఇందులో మరో సంగతి ఉంది. మా ఇంట్లో రెండు తరాల వారి పళ్ళ మీద బోరునీటి ఫ్లోరైడ్ వదిలిన గోధుమ చారలు ఉన్నాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణం. ముదురు ఆకుతో చేసిన చవక పొడిని చిక్కగా కాస్తే, మంచి నీటితో కాచినా ఆ డికాషన్‌లో ఫ్లోరైడ్ ఈ హద్దు దాటవచ్చు. లేత మొగ్గలో, పై రెండాకుల్లో అది తక్కువ. అందువల్ల ఆకు ఎంత లేతదో అడిగి కొనడం మాకు అవసరం.

నీలగిరి ఆకు టీని మా బోరునీటితోనూ, క్యాన్ నీటితోనూ విడివిడిగా కాచి, పాలు కలపకుండా తాగి చూశాను. కఠినమైన బోరునీటితో కాచినదాని మీద పలుచటి తెట్టు కట్టింది, రంగు నల్లబడింది, వాసన అణగిపోయింది. నీటిలోని కాల్షియం, బైకార్బొనేట్లు టీకి వగరునిచ్చే పాలీఫినాల్స్‌తో కలవడం వల్ల ఆ తెట్టు ఏర్పడుతుంది. క్యాన్ నీటితో అదే ఆకు తేటగా, పూలవాసనతో వచ్చింది. 250 గ్రాములకు 180 రూపాయలు న్యాయమైన ధర. అస్సాం సీటీసీ పాలటీకి బాగుంది. డార్జిలింగ్ ఆకులో నేను ఆశించిన పరిమళం లేదు. ఏ కోతదో, అంటే ఏ కాలంలో కోసిన ఆకో, చీటీలో రాసి ఉంటే ముందే తెలిసేది.

రెండు లోపాలు మాత్రం చెప్పక తప్పదు. "ఐరన్ సమృద్ధిగా ఉన్న టీ" అని గోడకు తగిలించిన బోర్డు తీసివేయాలి. ఆకులోని ఇనుము నీటిలోకి దిగేది చాలా కొద్ది. పైగా అన్నంతో పాటు తాగితే టీలోని పాలీఫినాల్స్ పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుతాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు ఆ బోర్డును నమ్మి భోజనం కాగానే టీ తాగితే నష్టపోతారు. టీలో దండిగా ఉండి నీటిలోకి బాగా దిగేది పొటాషియం. మాంగనీసు కూడా చెప్పుకోదగినంత దిగుతుంది. రాయదలిస్తే ఆ మాట రాయవచ్చు. ఇక "స్పెషల్ మిక్స్" డబ్బాకు చీటీయే లేదు. ఆ పొడిని కాగితం మీద పరిచి అయస్కాంతం తిప్పితే సన్నటి ఇనుప రజను అంటుకుంది. ఈ సంగతి యజమానికి చెప్పగా కాదనలేదు, అప్పటికప్పుడే ఆ డబ్బాను పక్కన పెట్టారు. బోర్డు మాత్రం నేను మూడోసారి వెళ్ళినప్పుడు కూడా అక్కడే ఉంది. నీలగిరి ఆకును 100 గ్రాముల నుంచి తూచి ఇస్తారు; మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా దుకాణం మూసి ఉంటుంది.