చిన్న బజారులో "ఇంపోర్టెడ్" షేవింగ్ క్రీమ్ కొంటున్నారా? ముందు ఆ ధర స్టిక్కర్ పీకి చూడండి

నెల్లూరు వాళ్ళందరికీ చెప్తున్నాను, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి సరుకుల కోసం నెల్లూరు వచ్చేవాళ్ళకి కూడా. చిన్న బజారులో ఫ్యాన్సీ సామాను అమ్మే ఆ షాపు, పేరు రాయను, అద్దాల బీరువాల్లో విదేశీ డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయే అదే, అక్కడ షేవింగ్ క్రీమ్ తీసుకునేటప్పుడు ట్యూబ్ వెనక అంటించిన ధర స్టిక్కర్ కింద ఏం రాసి ఉందో చూడకుండా డబ్బులు ఇవ్వకండి. మా నాన్న మొహం ఇంకా పొక్కులతోనే ఉంది, నా కోపం కూడా తగ్గలేదు, రాతలో వరస తప్పితే ఏమనుకోకండి.

నాన్నది మొదటి నుంచీ సున్నితమైన చర్మం. రిటైరైన టీచరు, ఇప్పటికీ గడ్డం చేసుకోకుండా వీధిలోకి రారు. ఘాటు వాసన తగిలితే తుమ్ములు, వెంటనే తలనొప్పి. ఇన్నేళ్ళూ బ్రష్షుతో నురగ చేసుకునే మామూలు క్రీమ్ ఒకటి వాడుతుండేవారు, అది మా వైపు అంగళ్ళలో దొరకడం లేదు, అందుకని ఇద్దరం కలిసి ఆ షాపుకి వెళ్ళాం. అక్కడ నేను అడిగింది స్పష్టంగానే అడిగాను. "అన్నా, సెన్సిటివ్ స్కిన్‌కి కావాలి, వాసన చాలా తక్కువగా ఉండాలి, మెంథాల్ అసలు ఉండకూడదు, మా నాన్నకి పడదు" అన్నాను. మెంథాల్ అనే మాట నా నోటితో చెప్పాను, ఆయన విన్నాడు, తల కూడా ఊపాడు. బీరువాలోంచి ఒక తెల్ల ట్యూబ్ తీసి "ఇది ఫారిన్‌దమ్మా, చర్మం డాక్టర్లు రాసేదే ఇది, చిన్నపిల్లలక్కూడా పూయొచ్చు, అంత మైల్డ్" అన్నాడు. ముందు వైపు 'సెన్సిటివ్' అని ఉంది. వెనక తిప్పితే సగం మేర పెద్ద తెల్ల స్టిక్కర్, దాని మీద షాపు ముద్ర, 650 రూపాయలని ధర, అంతే. మూత తీసి వాసన చూస్తానంటే సీలు ఊడదీయకూడదన్నాడు, అది న్యాయమే కాబట్టి నేను ఇంకేం అనలేదు.

బిల్లు అడిగాను. ఇది గుర్తుపెట్టుకోండి, అసలు సంగతి ఇక్కడే ఉంది. "బిల్లెందుకమ్మా, బిల్లు వేస్తే పద్దెనిమిది శాతం జీఎస్టీ పడతాది, మీకే నష్టం. మేమేమన్నా యాడికన్నా పోతామా, ఏమన్నా తేడా వస్తే ఎనక్కి తీసుకురండి, నేనుండా కదా" అన్నాడు. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. ప్యాకెట్ మీద వేసే ఎంఆర్‌పీలోనే పన్నులన్నీ కలిసి ఉంటాయి, బిల్లు వేసినంత మాత్రాన పైన పైసా కూడా ఎక్కువ తీసుకోకూడదు. పైగా షేవింగ్ క్రీమ్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, అంగడి పెట్టుకున్న మనిషికి ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను.

మర్నాడు పొద్దున నాన్న క్రీమ్ రాసుకున్నారు. రాసుకోగానే చల్లగా ఉందన్నారట, ఆ తర్వాత మంట. సగం గడ్డం అయ్యేసరికి మంట ఎక్కువై గబగబా కడిగేసుకున్నారు. వాసన హాల్లోకి కూడా వచ్చింది, హోమియో మందుల డబ్బా, సెంటు సీసా కలిపి పగలగొట్టినట్టు. సాయంత్రానికి చెంపలు, మెడ ఎర్రబడ్డాయి, తర్వాత దురద, చిన్న చిన్న పొక్కులు. మెడ మీద గడ్డం వంకరగా పెరిగే చోట మరీ ఎక్కువ. రాత్రి నిద్ర లేదు. చొక్కా కాలరు తగిలినా ఓర్చుకోలేకపోయారు. నెల్లూరులోని పొగతోట ప్రాంతంలో చర్మం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే పడనిది తగిలి చర్మం ఎర్రబడి దురద పెట్టడం, అన్నారు, ఆ క్రీమ్ ఆపేయమన్నారు, పొక్కులు తగ్గేదాకా గడ్డం జోలికి పోవద్దన్నారు. ట్యూబ్ తెచ్చారా, చూపించండి అని అడిగింది కూడా ఆవిడే. స్టిక్కర్ చూసి "దీని కింద పదార్థాలు రాసి ఉంటాయి, తీసి చూడండి" అన్నారు.

ఇంటికొచ్చి వేడినీళ్ళ గుడ్డ పెట్టి స్టిక్కర్ మెల్లగా లాగాను. కింద మొత్తం జాబితా ఉంది. మెంథాల్. పెప్పర్‌మింట్ నూనె. పర్ఫ్యూమ్. కింద వరసలో లిమోనీన్, లినలూల్, సిట్రాల్. నేను ఏది వద్దని నోరు తెరిచి చెప్పానో సరిగ్గా దాని మీదే ధర కాగితం అంటించి ఉంది. అనుకోకుండా అక్కడ పడిందేమో అనుకోవడానికి కూడా లేదు, ట్యూబ్ మీద ఖాళీ జాగా పక్కనే బోలెడంత ఉంది.

ఇది తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మెంథాల్ నిజంగా చర్మాన్ని చల్లబరచదు, చలిని గుర్తుపట్టే నరాలను రెచ్చగొడుతుంది, మనకి చల్లగా అనిపిస్తుంది. గట్టి చర్మం ఉన్నవాళ్ళకి అది హాయి, మన ఎండలకి చాలామంది కావాలని కొంటారు కూడా, వాళ్ళని నేనేం అనను. సున్నితమైన చర్మానికి మాత్రం అదే మంటగా మారుతుంది. బ్లేడు వెంట్రుకతో పాటు చర్మం పైపొరను కూడా కొంత గీకేస్తుంది కాబట్టి ఆ సమయంలో పూసింది ఏదైనా మామూలుగా కంటే లోపలికి ఎక్కువ దిగుతుంది. దానికి తోడు నురగ వచ్చే షేవింగ్ క్రీములు చాలావరకు సబ్బు జాతివే, స్టియరిక్ ఆమ్లం, కొబ్బరి నూనె లాంటివాటిని పొటాషియం హైడ్రాక్సైడ్‌తో కలిపి చేస్తారు. వాటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, 7 దాటితే క్షారం) 9, 10 దాకా ఉంటుంది, మన చర్మానిది 5 దగ్గర. అంటే మామూలు క్రీమే సున్నితమైన చర్మాన్ని కొంత పొడిబారుస్తుంది, అందుకే గ్లిజరిన్ బాగా ఉన్నది చూసుకుంటాం. దాని మీద మెంథాల్, సెంటు వేస్తే ఏమవుతుందో నాన్న చెంపలు చూస్తే తెలుస్తుంది. ఆ లిమోనీన్, లినలూల్ అనేవి సువాసన కోసం వేసేవి, గాలి తగిలి పాతబడేకొద్దీ అలర్జీ తెప్పించే గుణం వాటికి పెరుగుతుంది. ఆ షాపు అద్దాల బీరువా మీద మధ్యాహ్నం ఎండ నేరుగా పడుతుంది. ఆ ట్యూబ్ అక్కడ ఎన్నాళ్ళు ఉందో దేవుడికి తెలియాలి.

సరే, ట్యూబ్ తీసుకుని షాపుకి వెళ్ళాం. నాన్న రానన్నారు, మొహం అలా పెట్టుకుని బజారులోకి ఎలా రానమ్మా అన్నారు. నేనే బలవంతంగా తీసుకెళ్ళాను, కళ్ళతో చూస్తే ఆ మనిషి ఒప్పుకుంటాడని. షాపు నిండా జనం ఉన్నారు. నేను మామూలుగానే మాట్లాడాను, అన్నా, మీరిచ్చిన క్రీముకి ఇలా అయింది, మెంథాల్ ఉంది ఇందులో, వద్దని చెప్పాను కదా అన్నాను. ఆయన ట్యూబ్ చేతిలోకి కూడా తీసుకోలేదు. నా మొహం చూసి అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"బిల్లేది?"

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. బిల్లు వద్దన్నది ఈయన. ఎనక్కి తీసుకురండి, నేనుండా అన్నది ఈయన. ఆ మాటే గుర్తుచేస్తే "అట్ట ఎవరంటారమ్మా, బిల్లు లేకుండా మేం సరుకే ఇయ్యం. ఇది మా షాపుదే అని ఏంది గ్యారంటీ?" అన్నాడు. ధర స్టిక్కర్ మీద వాళ్ళ షాపు ముద్ర ఉంది, అది పీకి నేను ఒక కాగితానికి అంటించి తెచ్చాను, అది చూపించాను. అప్పుడు మాట మార్చాడు. స్టిక్కర్ పీకేశారు కాబట్టి సరుకు పాడుచేసినట్టే, ఇక తీసుకోడట.

అది కూడా నేను ఓర్చుకునేదాన్నేమో. తర్వాత నా వైపు చూసి "మగాళ్ళ క్రీముల సంగతి మీకేం తెలుసమ్మా" అన్నాడు. మా నాన్న వైపు తిరిగి, అంతమంది ముందు, "పెద్దాయనా, వయసైపోయిన తోలు, ఏం పూసినా అట్టనే ఉంటాది, దానికి మేమేం చేసేది" అన్నాడు. పక్కన ఉన్న కుర్రాడు నవ్వాడు.

నాన్న జీవితమంతా పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, ఎవరినీ ఒక్క మాట తూలి ఎరగరు. ఆ షాపులో నిలబడ్డ వాళ్ళలో ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు ఉన్నా ఆశ్చర్యం లేదు. ఆయన ఏమీ అనలేదు, "పదమ్మా పోదాం" అన్నారు, చెంపల మీద కండువా కప్పుకుని బయటికి నడిచారు. 650 రూపాయలు పోతే పోనీ, డాక్టర్ ఫీజు, మందుల ఖర్చు కూడా పోనీ. ఒక పెద్ద మనిషి మొహం మీద తాము చేసిన గాయాన్ని చూపించి ఆయన వయసునే తప్పుపట్టడం ఉందే, అది నేను మరిచిపోలేను. క్షమించమని ఒక్క మాట అని ఉంటే నేను ఈ పోస్టు రాసేదాన్నే కాదు.

ఇంటికొచ్చాక చదివితే తెలిసింది, ఆ ట్యూబ్ మీద ఇంకా చాలా లేవు. విదేశీ సరుకు మన దేశంలో అమ్మాలంటే దిగుమతి చేసిన వాళ్ళ పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు ఉండాలి, 2020 కాస్మెటిక్స్ నియమాల్లో ఆ సంగతి ఉంది. దీని మీద అవేమీ లేవు. స్టిక్కర్ కింద కూడా లేవు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోననడం కూడా తప్పే, బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లో తీసుకుని డబ్బు తిరిగివ్వాలి. నేను ఫోన్‌పేలో కట్టాను కాబట్టి తారీఖు, షాపు పేరు, మొత్తం నా దగ్గర ఉన్నాయి. బిల్లేది అని అడిగినప్పుడు ఆయనకి ఆ సంగతి తట్టలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, తెలుగులోనే మాట్లాడారు. తూనికలు కొలతల శాఖకి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి కూడా రాస్తున్నాను. అక్కడ తేలకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను, 5 లక్షల లోపు విలువకి అక్కడ ఫీజు కూడా ఉండదు. ఒంగోలు వైపు వాళ్ళకి ఒంగోల్లో జిల్లా కమిషన్ ఉంది.

చర్మం సున్నితంగా ఉన్నవాళ్ళు కొనేటప్పుడు ట్యూబ్ ముందు రాసింది వదిలేసి వెనక చదవండి. 'సెన్సిటివ్' అని ఉన్నంత మాత్రాన మెంథాల్ ఉండదని కాదు. ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి వరసలో రాస్తారు, గ్లిజరిన్ మొదట్లో కనపడితే మంచిది. మెంథాల్, పెప్పర్‌మింట్, యూకలిప్టస్, కర్పూరం ఎక్కడ కనిపించినా పక్కన పెట్టేయండి. కొత్త క్రీమ్ ఏదైనా ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒకటి రెండు రోజులు చూసి, తర్వాతే మొహానికి. మంట పుడితే పటిక రుద్దకండి, స్పిరిట్ ఉన్న ఆఫ్టర్‌షేవ్ అసలు పూయకండి. మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చే స్టెరాయిడ్ ట్యూబులు డాక్టర్ చీటీ లేకుండా మొహానికి పూయడం మరీ ప్రమాదం, మాకు కూడా ఒకాయన ఇవ్వబోయాడు, నేను తీసుకోలేదు.

నాన్నకి ఎరుపు కొంచెం తగ్గింది, దురద ఇంకా ఉంది. ఆ షాపులో ఇలాంటి తెల్ల ట్యూబే కొన్నవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి స్టిక్కర్ పీకి, కింద ఉన్న జాబితా, బ్యాచ్ నంబర్ కనపడేలా ఫొటో తీసి పెట్టండి. ఒక్కరి ఫిర్యాదు కంటే పదిమందిది బలంగా ఉంటుంది, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి రాసేటప్పుడు అన్నీ కలిపి జత చేస్తాను.