కాగితం మడతలా, గుజ్జు బుట్టలా, క్విల్లింగా: ఇంట్లో పిల్లలతో చేయడానికి ఏది మేలు?

సెలవుల్లో పిల్లల్ని ఫోను నుంచి కాసేపు పక్కకు లాగాలంటే కాగితం కంటే చౌకైన దారి లేదు. ఇంట్లో పాత పేపర్లు ఉండనే ఉంటాయి, కత్తెర ఉంటుంది, జిగురు లేకపోయినా మైదాపిండి ఉంటుంది. ఇంత ఉండి కూడా చాలామంది బజారుకెళ్లి క్రాఫ్ట్ కిట్ కొనుక్కొస్తారు. అందులో ముక్కలన్నీ ముందే కత్తిరించి ఉంటాయి, ఏది ఎక్కడ అంటించాలో గుర్తులు ఉంటాయి. గంటలో అయిపోతుంది. పిల్లవాడి చేతికి కొత్తగా వచ్చిందేమీ ఉండదు. అందుకే కిట్లను ఈ పోలికలోకి తీసుకురావడం లేదు. ఇంట్లో ఉన్నదానితో చేయగల మూడు పనుల గురించే చెబుతాను: మడతలు, కాగితపు గుజ్జు, క్విల్లింగ్ (సన్నటి కాగితపు పట్టీలు చుట్టి అంటించే పని).

ముందు మడతలు. ఒరిగామి అనగానే జపాన్ కొంగ గుర్తొస్తుంది గానీ మన ఇళ్లలో మడతలు కొత్తేం కాదు. వాన పడితే కాగితపు పడవ, చేయి కాస్త తిరిగితే కత్తిపడవ, క్లాసులో మాస్టారు బోర్డు వైపు తిరిగితే రాకెట్. దీనికి ఖర్చు లేదు, జిగురు లేదు, ఆరబెట్టే పని లేదు. బస్సులో కూర్చుని కూడా చేయొచ్చు.

మామూలు ఏ4 కాగితంతో మొదలుపెట్టవచ్చు. దాని వెడల్పు 210 మి.మీ., పొడవు 297 మి.మీ. పై మూలను ఎదుటి అంచు మీదికి ఐమూలగా మడిచి, కింద మిగిలిన పట్టీ కత్తిరిస్తే సరిగ్గా 210 మి.మీ. చదరం చేతికొస్తుంది. ఆ మిగిలిన 87 మి.మీ. పట్టీని పారేయకండి, దాని పని తర్వాత ఉంది.

మడత వేయడంలో ఒక చిన్న కిటుకు ఉంది. మూలకు మూల సరిగ్గా కలిపాక మడతను ముందు మధ్యలో వేలితో నొక్కి, అక్కణ్నుంచి రెండు పక్కలకూ గోటితో గీయాలి. ఒక చివర నుంచి మొదలుపెట్టి గీసుకుంటూ పోతే కాగితం కొద్దిగా జారుతుంది. ఆ వెంట్రుకవాసి తేడా అప్పటికి కనిపించదు. పదో మడత దగ్గరకొచ్చేసరికి కొంగ ముక్కు వంకరై, రెక్క ఒకటి పొడుగై బయటపడుతుంది. పిల్లలకు కొలత అంటే ఏమిటో, కోణం సగానికి సగం చేయడం అంటే ఏమిటో ఇంత తేలిగ్గా చెప్పే పాఠం మరొకటి నేను చూడలేదు. ఆధునిక ఒరిగామికి పెద్దదిక్కు అనదగ్గ అకిరా యోషిజావా (1911–2005) కూడా యువకుడిగా ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో కొత్తగా చేరినవాళ్లకు జ్యామితి చెప్పడానికి ఈ మడతలే వాడుకున్నారు. ఎటు మడవాలో బాణాలతో, గీతలతో చూపించే పద్ధతి కూడా ఆయన రూపొందించిందే. ఇప్పుడు ప్రపంచమంతా దాన్నే కొద్దిపాటి మార్పులతో వాడుతున్నారు. అందువల్ల జపాన్ భాషలో ఉన్న ఒరిగామి పుస్తకం తెచ్చినా బొమ్మలు చూసి మన పిల్లలు చేసేయగలరు. ఈ మడతలు ఆటతో ఆగిపోలేదని కూడా పిల్లలకు చెప్పండి. కొర్యో మియురా అనే జపాన్ శాస్త్రవేత్త రూపొందించిన మడత పద్ధతిని 1995లో అంతరిక్షంలోకి పంపిన ఒక ఉపగ్రహం సౌర ఫలకాలను ముడిచి, అక్కడ విప్పడానికి వాడారు.

అయితే మడతలకు రెండు లోపాలున్నాయి. మొదటిది, చేసింది నిలవదు. ఈ రోజు చేసిన కొంగ వారానికల్లా మంచం కింద దొరుకుతుంది. రెండోది నా దృష్టిలో ఇంకా పెద్దది. ఒరిగామిలో పిల్లలు చాలాకాలం ఎవరో కనిపెట్టిన బొమ్మనే చూసి చేస్తారు. సొంతంగా ఒక మడత కనిపెట్టడం పెద్దవాళ్లకే కష్టం. మధ్యలో ఒక మెట్టు అర్థం కాకపోతే ఏడెనిమిదేళ్ల పిల్లలు విసుగొచ్చి నలిపి పారేస్తారు. ఆ వయసుకు పడవ, టోపీ, కప్ప వరకు చాలు. కొంగను తొమ్మిది, పదేళ్లకు పట్టుకోవచ్చు.

ఇక గుజ్జు. మన పాత ఇళ్లలో వెదురు చాటలకు, బుట్టలకు సందులు పూడడానికి కాగితం, మెంతులు కలిపి రుబ్బి మెత్తేవారు. ఆ గుజ్జుతోనే గిన్నె మీద పోసి విడిగా బుట్టలు కూడా చేసేవారు. ఎండబెట్టిన వడియాలు, చింతపండు దాచుకోవడానికి అవి బాగా పనికొచ్చేవి. అమ్మమ్మలు, నానమ్మలు ఇంకా ఉన్న ఇళ్లలో ఒకసారి అడిగి చూడండి, కొలతలతో సహా చెబుతారు.

చేసే పద్ధతి కష్టం కాదు గానీ తొందర పనికిరాదు. పేపర్లను గోరంత ముక్కలుగా చింపి రెండు, మూడు రోజులు నానబెట్టాలి. రోజూ నీళ్లు మార్చకపోతే వాసన వస్తుంది. న్యూస్ పేపరు త్వరగా నానుతుంది. పిల్లల పాత నోట్ బుక్కుల కాగితం ఆలస్యంగా నానినా గుజ్జు గట్టిగా, తెల్లగా వస్తుంది. మెరిసే మ్యాగజైన్ కాగితం జోలికి పోవద్దు, దాని మీద పూత ఉంటుంది, సరిగా నానదు. అన్నిటికంటే సులువు కోడిగుడ్లు వచ్చే అట్టలు. అవి ఎలాగూ కాగితపు గుజ్జుతో చేసినవే కాబట్టి నీళ్లలో వేస్తే తొందరగా విడిపోతాయి.

నానిన కాగితాన్ని పిండి మెత్తగా రుబ్బాలి. పేపరు మీద సిరా ఉంటుంది కాబట్టి వంటకు వాడే మిక్సీ జారు వద్దు. పాత జారు లేకపోతే రోకలితో దంచినా సరిపోతుంది. విడిగా నానబెట్టి రుబ్బిన మెంతులు ఇందులో కలపాలి. మెంతుల జిగటే ఇక్కడ జిగురు. దాని చేదుకు పురుగు పట్టదని కూడా పెద్దలు అంటారు. ముల్తానీ మట్టి కాస్త కలిపితే పైభాగం నున్నగా వస్తుంది. ముద్ద చపాతీ పిండి కంటే కొంచెం మెత్తగా ఉండాలి. గుప్పిట్లో పిండితే చుక్క నీరు కారకూడదు.

ఇప్పుడు గిన్నె ఎంపిక. ఇక్కడ తేడా వస్తే పడ్డ కష్టమంతా పోతుంది. అడుగు చిన్నగా, అంచు వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకోండి. తిన్నగా ఉండే చెంబు, గ్లాసు వద్దు. గుజ్జు ఆరేకొద్దీ ముడుచుకుని లోపలి పాత్రను గట్టిగా పట్టేస్తుంది. గిన్నె బోర్లించి, దాని మీద పాలిథిన్ కవరు గానీ తడి గుడ్డ గానీ పరిచి, అర అంగుళం మందాన గుజ్జు అద్దుకుంటూ రావాలి. తడి చేత్తో నిమిరితే గరుకుదనం పోతుంది. మొదటి రోజు నీడలోనే ఉంచాలి. నేరుగా మే నెల ఎండలో పెడితే పైన ఎండి లోపల తడి ఉండిపోయి బీటలు వారుతుంది. రెండో రోజు అంచు గట్టిపడ్డాక గిన్నె మెల్లగా లాగేసి, అప్పుడు ఎండలో పెట్టుకోవచ్చు. ఎండ బాగుంటే నాలుగైదు రోజుల్లో వేలితో కొడితే టకటకమనేలా తయారవుతుంది. పైన తెల్ల కాగితం అంటించి ముగ్గు వేసుకుంటారో, రంగులు వేసుకుంటారో మీ ఇష్టం.

అపార్ట్‌మెంటులో మేడ మీదికి వెళ్లే వీలు లేనివాళ్లకు గుజ్జు బదులు పేలికల పద్ధతి ఉంది. ఊదిన బెలూన్ మీద, మైదా జిగురులో ముంచిన పేపరు పేలికలు ఐదారు పొరలు అంటిస్తే చాలు. ఫ్యాన్ కింద ఆరిపోతుంది. ఆరాక బెలూన్ పగలగొడితే తేలికైన గిన్నె మిగులుతుంది. న్యూస్ పేపరును పై నుంచి కిందికి చింపితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకరటింకరగా పోతుంది. కాగితంలో నార ఒక వైపుకే పడుకుని ఉంటుంది గనుక అలా జరుగుతుంది. పిల్లలతో చింపించి చూపించండి, అదే ఒక సైన్సు పాఠం. జిగురుకు కప్పు మైదాకి నాలుగు కప్పుల నీళ్లు పోసి, ఉండకట్టకుండా చిక్కబడేదాకా ఉడికించి, చిటికెడు ఉప్పు వేస్తే సరి. బైండింగ్ వాళ్లు ఇలాంటి జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లలు ముట్టుకునే జిగురులో అస్సలు వద్దు.

గుజ్జులో ఇబ్బందులు దాచాల్సిన పనిలేదు. ఇల్లంతా తడి, చేతులు సిరా నలుపు, నానిన కాగితం వాసన. వానాకాలంలో చేస్తే ఆరదు సరికదా, బూజు పడుతుంది. తీరప్రాంతం ఉక్కపోతలో ఇంకా కష్టం. అయినా దీనికి నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం ఉంది. ఇందులో ఇంట్లో అందరికీ పని ఉంటుంది. నాలుగేళ్ల పిల్లవాడు పేపరు చింపుతాడు. పదేళ్ల పాప గిన్నె మీద అద్దుతుంది. నానమ్మ మెంతులు రుబ్బి, గుజ్జు పాకం వచ్చిందో లేదో చెబుతుంది. తప్పు చేస్తే మళ్లీ నీళ్లలో వేసి మొదలుపెట్టొచ్చు, ఏదీ వృథా కాదు. పైగా ఎవరి బొమ్మ వారిదే. చూసి చేయడానికి మెట్లు లేవు గనుక పిల్లవాడు ఏనుగు చేస్తే అది వాడి ఏనుగే.

క్విల్లింగ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సన్నటి కాగితపు పట్టీలను చుట్టి, వేలితో నొక్కి, నీటిచుక్క ఆకారం, కన్ను ఆకారం చేసి అట్ట మీద నిలబెట్టి అంటించడం. దుకాణంలో పట్టీలు 3, 5 మి.మీ. వెడల్పుల్లో దొరుకుతాయి. ఇందాక ఒరిగామి కాగితం నుంచి మిగిలిన 87 మి.మీ. పట్టీని 5 మి.మీ. చొప్పున కోస్తే 17 వస్తాయి. రంగు కాగితమైతే ఒక చిన్న పువ్వుకు అవి సరిపోతాయి. చుట్టడానికి సూది కొనక్కర్లేదు, కొబ్బరి ఈనె చివర చీల్చి అందులో కాగితం అంచు దూర్చినా పని జరుగుతుంది. గ్రీటింగ్ కార్డులు, రాఖీలు, జుంకీలు చూడముచ్చటగా వస్తాయి. జుంకీల మీద వార్నిష్ పూస్తే చెమటకు అంత త్వరగా పాడవవు. కాలేజీ అమ్మాయిలు వీటిని చేసి అమ్ముకుంటున్నారు కూడా. మూడింటిలో నాలుగు డబ్బులు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది ఇదే.

కానీ ఇది ఒక్కరు కూర్చుని చేసే పని. కళ్లకు, మెడకు శ్రమ. జిగురు చుక్క ఎక్కువైతే మరక కనిపిస్తుంది, తక్కువైతే చుట్ట విడిపోతుంది. పదేళ్లలోపు పిల్లలతో మొదలుపెడితే వాళ్లకు విసుగు, మనకు టెన్షన్. చేతికి నిలకడ వచ్చిన పిల్లలకు, ఒంటరిగా పని చేసుకోవడం ఇష్టపడేవాళ్లకు మాత్రం ఇదే ఇవ్వండి. అలాంటి పిల్లల్ని బలవంతంగా గుజ్జు తొట్టి దగ్గర కూర్చోబెట్టడమూ తప్పే.

ఒక్కటే ఎంచుకోమంటే వేసవిలో నా ఓటు గుజ్జుకే. వాన కాలంలో, ప్రయాణాల్లో, అరగంటే టైమున్న సాయంత్రాల్లో మడతలు. హైస్కూలు వయసుకు క్విల్లింగ్. ఇంట్లో వేర్వేరు వయసుల పిల్లలుంటే మాత్రం మూడింటినీ ఒకే పనిలో కలిపే సందర్భం ఒకటుంది, బొమ్మల కొలువు. కొలువులో కొండ, గుడి, బావి గుజ్జుతో, బావి పక్కన కొంగలు మడతలతో, పూలతోట క్విల్లింగ్‌తో చేయొచ్చు. కొండపల్లి బొమ్మలు, మట్టి బొమ్మలు సూట్‌కేసుల్లో మోసుకెళ్లలేక ఇబ్బందిపడే అమెరికా తెలుగువాళ్లకూ ఇది బాగా కుదురుతుంది. అక్కడ సంక్రాంతి నాటికి చలి, మంచు. ఎండ లేకపోయినా హీటర్ వేసిన గదిలో గాలి పొడిగా ఉంటుంది గనుక పేలికల పద్ధతిలో చేసినవి ఇబ్బంది లేకుండా ఆరిపోతాయి.

దసరా కొలువు కోసమైతే వానలను నమ్ముకోకండి. గుజ్జు పనంతా మే నెలలోనే ముగించి, బాగా ఎండిన కొండను, గుడిని గోనె సంచిలో కాకుండా అట్టపెట్టెలో, నాలుగు వేపాకులు వేసి అటక మీద పెట్టండి. రంగులు, కొంగలు, పూలు నవరాత్రులకు వారం ముందు చూసుకోవచ్చు.