తిరిగే ఏజెంటా, ఉన్నచోటే ఉండే ఏజెంటా: సెన్సార్ బ్యాటరీకి ఏది మేలు?

ఏజెంటంటే ఇక్కడ సెన్సార్లలో నడుస్తూ, ఏం కొలవాలో ఎప్పుడు పంపాలో తనే తేల్చుకునే చిన్న ప్రోగ్రాం. విశాఖలో రెండు చోట్లు తీసుకుందాం. కంబాలకొండ అడవిలో వేడి, తేమ కొలిచే సెన్సార్లు. పోర్టులో ఇనుప ఖనిజం మోసే కన్వేయర్ల మోటార్ల అదురు పట్టే సెన్సార్లు. (మోటారు పక్కనే కరెంటుంది కదా అనకండి, ప్రతి సెన్సారుకీ కేబుల్ లాగాలంటే తడిసి మోపెడవుతుంది.) రెండూ బ్యాటరీ మీద నడిచేవే.

ముందు ఖర్చు సంగతి. రేడియోతో మాట్లాడుకునే ఇలాంటి సెన్సార్ నెట్‌వర్కుల్లో బాగా వాడిన సీసీ2420 రేడియో చిప్ పంపేటప్పుడు 17.4 మిల్లీయాంపులు తీసుకుంటే, ఊరికే వింటూ కూర్చున్నా 18.8 లాగేస్తుంది. 2500 మిల్లీయాంపవర్ల పెన్సిల్ సెల్స్ జత పెట్టి రేడియో ఆపకపోతే ఐదున్నర రోజుల్లో ఖాళీ. ఏ ఏజెంటయినా మొదట చేయాల్సింది రేడియోని నిద్రపుచ్చడమే.

తిరిగే ఏజెంటు కరెంటు బిల్లు తీసేవాడిలా నోడు (సెన్సారు, రేడియో, బ్యాటరీ ఉన్న పెట్టె) నుంచి నోడుకి వెళ్లి లెక్క అక్కడే కట్టుకుంటుంది. వినడానికి బాగుంటుంది. కానీ ఈ రేడియోలు పాటించే 802.15.4 ప్రమాణంలో ఒక ప్యాకెట్ (ఒక్కసారి పంపే డేటా మూట) మహా అయితే 127 బైట్లు. ఒక కిలోబైట్ ఏజెంటు ఒక్క అడుగు కదలాలంటే కనీసం 9 ప్యాకెట్లు కావాలి. కంబాలకొండలో అది తెచ్చేది నాలుగు బైట్ల రీడింగు! పైగా దారిలో ఒక నోడు చచ్చిపోతే అప్పటిదాకా పోగేసిందంతా గల్లంతు.

అక్కడ ఉన్నచోటే ఉండే ఏజెంటే నయం. వేడి అర డిగ్రీ మారితేనే పంపుతుంది, తేమ గబగబా పడిపోతుంటే కొలతల మధ్య ఎడం తగ్గిస్తుంది. గంటకోసారి మాత్రం 'ఉన్నాను' అని చెప్పించాలి, లేకపోతే మార్పు లేక ఊరుకుందో, బ్యాటరీ అయిపోయిందో తెలియదు. 2000లో ఎంఐటీ వాళ్లు తెచ్చిన లీచ్ పద్ధతిలో తన గుంపులోని నోడుల డేటాని పోగేసి పంపే 'గుంపు పెద్ద' బాధ్యత వంతులవారీగా మారుతుంది, భారం పంచుకోవడానికి మంచిదే. అయితే ప్రతి నోడూ బేస్ స్టేషన్‌ని (డేటా అంతా చివరికి చేరే చోటుని) నేరుగా అందుకోగలదని దాని లెక్క. కొండల మధ్య అది కుదిరే పని కాదు.

పోర్టులో కథ వేరు. సెకనుకి వెయ్యి శాంపిళ్లు, ఒక్కోటి రెండు బైట్లు. పది సెకన్లకే 20,000 బైట్లు, అంటే నూట యాభైకి పైగా ప్యాకెట్లు. ఇక్కడ ఏజెంటు వెళ్లి, అదురులో ఏ ఫ్రీక్వెన్సీ ఎక్కువుందో అక్కడే తేల్చి, ఆ నాలుగు అంకెలే తెస్తే లాభమే. టెలోస్‌బీ లాంటి నోడులో ర్యామ్ పది కిలోబైట్లే కాబట్టి డేటాని ముక్కలుగా చూడాలి.

అయినా రోజూ అదే లెక్కయితే ఆ కోడ్‌ని ఒకసారి నోడులో పెట్టి వదిలేయడం మేలు. కొత్త బేరింగ్ వేసి వేరే ఫ్రీక్వెన్సీ చూడాల్సొచ్చిన రోజున, ఆ ఒక్క మోటారు దగ్గరికి తిరిగే ఏజెంటుని పంపుకోవచ్చు.