ఆ 180 అంకె చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది: అల్ట్రాసోనిక్ క్లీనర్‌తో మూడేళ్లు

శబ్ద తరంగాలతో నీళ్లను కదిలించి వస్తువుల మురికి వదిలించే చిన్న తొట్టి ఇది. నా కోపమంతా దాని మీదున్న ఒక్క బటన్ మీదే. ఆన్ చేయగానే 180 సెకన్లు అని వెలుగుతుంది. తగ్గించాలంటే 280, 380, 480 అన్నీ దాటించి చుట్టూ తిప్పుకుంటూ 90కి రావాలి. కళ్లద్దాలు, గొలుసులు కడుక్కునేవాళ్లకు ఇదో లెక్క కాదు. మెటల్ డిటెక్టర్ పట్టుకుని మట్టిలోంచి అరిగిన నాణేలు తీసే నాలాంటివాడికి కొంప మునిగేది ఆ తేడాలోనే.

కొన్న కొత్తలో దీన్ని తెగ మెచ్చుకున్నది నేనే. వెండి నాణెం వేస్తే అక్షరాల సందుల్లోంచి మట్టి పొగలా లేచేది. చూడ్డానికే ముచ్చటేసేది. ఇక బ్రష్ పట్టుకోనక్కర్లేదని తోటివాళ్లందరికీ చెప్పేశాను కూడా. ఆ మాట వెండి వరకే లెక్కలోకి తీసుకోండి. అందులోనూ పగుళ్లు లేనివాటి వరకే.

రెండో ఏడు ఒక రాగి నాణెం దొరికింది. వారం రోజులు డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాను. (కుళాయి నీళ్లలో క్లోరైడ్లుంటాయి, రాగికి అవి పడవు.) ఆరాక గదిలో లైట్లన్నీ ఆపి, టార్చ్‌ని దాదాపు అంచుకు ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తే మెడ వంపు, ముక్కు, దాని ముందు మూడు అక్షరాలు నీడల్లా కనిపించాయి. నాలుగోది సగం మట్టిలో ఉంది. ఆ సగానికే ఆశపడ్డాను. ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుని, నాణేన్ని తొట్టిలో వేసి, బటన్ ఒక్కసారి నొక్కి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను.

వచ్చేసరికి నీళ్లు పచ్చగా ఉన్నాయి, అడుగున ఆకుపచ్చ పొలుసులు. నాణెం మాత్రం శుభ్రంగా, మహా శుభ్రంగా ఉంది. గోధుమరంగు బిళ్ల, దాని నిండా స్ఫోటకం మచ్చల్లాంటి గుంటలు. ముక్కు లేదు, ఒక్క అక్షరం లేదు.

ఏళ్ల తరబడి మట్టిలో ఉన్న రాగికి పైపొర చిలుముగా మారిపోతుంది. నాణెం అసలు రూపు చాలాసార్లు ఆ చిలుములోనే నిలిచి ఉంటుంది, దాని కింద లోహాన్ని ఎప్పుడో తుప్పు తినేసి ఉంటుంది. ఈ యంత్రం నీళ్లలో పుట్టించే బుడగలు పగిలే దెబ్బకి, వదులుగా ఉన్న ఆ పొర కాస్తా ఊడిపోయింది. మురికి అనుకుని నేను వదిలించుకున్నది దాని మొహాన్నే. తప్పు దానిదా నాదా అంటే చెరిసగం. నిమ్మరసం, వెనిగర్ కూడా ఆ చిలుమునే తినేస్తాయి లెండి.

ఏ నాణెమో తేల్చడానికి ఫొటోతోపాటు వెర్నియర్ కాలిపర్‌తో కొలిచిన వ్యాసమే దిక్కయింది. అరిగినదాని బరువును నమ్ముకోలేం, వ్యాసం అంతగా మారదు. వెనక బొమ్మ ఎటు నిలబడి ఉందో ముందే చూసుకోవడం నా అదృష్టం. అమెరికా నాణేన్ని పుస్తకంలో పేజీలా పక్కకు తిప్పితే వెనక బొమ్మ తలకిందులుగా ఉంటుంది, యూరో నాణేనికి నిటారుగా ఉంటుంది. ఈ ఒక్క పరీక్షతోనే జాబితాలో చాలా పేర్లు కొట్టేయొచ్చు. నాకు చివరికి రెండు మిగిలాయి.

ఇప్పుడు రాగికి పంటిపుల్ల, మెత్తటి బ్రష్, పక్కన టార్చ్. ఒక్కో నాణేనికి రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. వెండికి, ఖర్చుపెట్టుకునే కొత్త చిల్లరకి మాత్రం ఇంకా ఈ డబ్బానే, అదీ 90కి తిప్పి, పక్కనే నిలబడి. నడుస్తున్నంతసేపూ చెవిలో కందిరీగ దూరినట్టుంటుంది, అది వేరే సంగతి.

నేను తిరిగేది ఎక్కువగా తడినేల, ఎరువులు పడ్డ పొలాలు. రాగి పొలుసులు కట్టే బయటికొస్తుంది. పొడినేలలో తవ్వేవాళ్లకు, వెండి ఎక్కువ దొరికేవాళ్లకు ఇది నచ్చొచ్చు. నేనైతే మళ్లీ కొనాలంటే టైమర్‌ను 30 సెకన్లకు పెట్టుకునే వీలుందేమో ముందు చూస్తాను.

ఆ బిళ్ల ఇప్పటికీ ఓ కాగితం కవర్లో, ఫొటో ప్రింటుతో కలిపి ఉంది. కవరు మీద రెండు పేర్లు రాసి, రెండిటి పక్కనా ప్రశ్నార్థకం పెట్టాను.