బరంపురంలో పాత డైకాస్ట్ కార్ల దుకాణం: కలకత్తా బొమ్మలకైతే తప్పక వెళ్లండి

పాత డైకాస్ట్ బొమ్మ వాహనాలు, అంటే కరిగించిన లోహాన్ని అచ్చులో పోసి చేసినవి, సేకరించే తెలుగువారు ఇంతకాలం చెన్నై వైపో, కోల్‌కతా వైపో చూడవలసి వచ్చేది. ఆ రెండింటికీ నడుమ, హౌరా రైలు మార్గం మీదే ఉన్న బరంపురంలో, బడా బజారు వెనుక సందులో ఒక చిన్న దుకాణం ఉంది. దానికి పేరు పలక లేదు. యజమాని రైల్వేలో పనిచేసి విరమించిన తెలుగాయన. గడియారాలు, రేడియోలు, ఇత్తడి సామాను ముందు గదిలో ఉంటాయి. బొమ్మ కార్లు చూడాలంటే అడగాలి, అడిగితేనే లోపలి గది తలుపు తీస్తారు. కలకత్తాలో తయారైన పాత బొమ్మల కోసమైతే ఈ దుకాణానికి ప్రయాణం పెట్టుకోవడం దండగ కాదు. బ్రిటిష్ బొమ్మల కోసమే అయితే అవసరం లేదు.

కలకత్తా బొమ్మల సంగతి తెలియనివారి కోసం కొంచెం వివరించాలి. లివర్‌పూల్‌లోని బిన్స్ రోడ్డు కర్మాగారంలో మెకానో కంపెనీ తయారుచేసిన డింకీ కార్లకు 1934 నుంచి ఆ పేరు ఉంది. వాటి పాత అచ్చులు కొన్ని 1960ల చివర కలకత్తా చేరగా, ఎస్. కుమార్ అండ్ కో అనే సంస్థ వాటితోనే నిక్కీ టాయ్స్ అన్న పేరుతో కార్లు పోతపోసి అమ్మింది. విదేశీ వస్తువుల దిగుమతి మీద గట్టి ఆంక్షలున్న ఆ రోజుల్లో మధ్యతరగతి ఇంటి పిల్లవాడి చేతికి డింకీ పోతపని అందిన దారి ఇదే. అలాగే మరో రెండు బ్రిటిష్ బ్రాండ్లను అనుసరించి, కార్గీ బొమ్మల పోలికలతో మిల్టన్, మ్యాచ్‌బాక్స్ కొలతల్లో మ్యాక్స్‌వెల్ కూడా కలకత్తా నుంచే వచ్చాయి. ఆ తరువాతి తరానికి లియో మాటెల్ పేరుతో మన దేశంలోనే తయారైన హాట్ వీల్స్ గుర్తుంటాయి. అమెరికాలో అమ్మిన వాటికి లేని రంగుల్లో వచ్చినందువల్ల వాటిని ఇవాళ విదేశీయులు కూడా వెతుకుతున్నారు.

ఈ సరుకు బరంపురంలో ఎందుకు దొరుకుతుందన్నదానికి యజమాని చెప్పే కారణం నాకు సబబుగానే తోచింది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. సెలవులకు గంజాం, శ్రీకాకుళం వైపు వచ్చేటప్పుడు గార్డులు, క్లర్కులు పిల్లలకు కలకత్తా నుంచి బొమ్మలు తెచ్చేవారట. ఆ పిల్లలు పెద్దవారై ఇళ్లు పంచుకుంటున్నప్పుడు, పాత ఇళ్లు పడగొడుతున్నప్పుడు అటకల మీది ట్రంకు పెట్టెలు ఈ దుకాణానికి చేరుతున్నాయి. కనుక ఇక్కడి నిక్కీ కార్లు ఒక సేకర్త చేతి నుంచి మరో సేకర్త చేతికి మారుతూ వచ్చినవి కావు, నేరుగా ఇళ్ల నుంచి వచ్చినవి. వాటిలో రంగు రాలినవి, చక్రం వంగినవి చాలా ఉంటాయి గానీ, ఎవరో బాగుచేసి పాడుచేసినవి తక్కువ.

నేను చూసిన వాటిలో అందరికీ చెప్పదగినది ఒక నిక్కీ జాగ్వార్ మార్క్ టెన్. పైకప్పు మీద రంగు దళసరిగా, అంచుల్లో కాస్త కారినట్టు ఉంది. పోత కూడా లివర్‌పూల్ పనితనమంత పదునుగా లేదు. అడుగు రేకు తిప్పి చూస్తే, అసలు తయారీదారు పేరు ఉండవలసిన చోట అచ్చులోనే చెరిపేసిన గరుకు మచ్చ కనిపిస్తుంది. ఇంగ్లండు సేకర్తలు కొందరు దీన్ని లోపమంటారు. నా మటుకు ఆ మచ్చే ఈ బొమ్మకు జన్మపత్రిక. దీనికి రూ. 2,800 చెప్పారు, పెట్టె లేదు. బేరం కొంత సాగింది, మరీ సాగలేదు. పక్కనే ఉన్న మిల్టన్ ఇంపాలా అంతకంటే చవక, కానీ ముందు అద్దం పగిలింది.

ఈ దుకాణం మీద నాకు నమ్మకం కలిగించినవి ఆయన ప్రతి బొమ్మకూ దారంతో కట్టే చిన్న అట్టముక్కలు. "టైర్లు కొత్తవి", "వెనుక బంపరు అతికించాము", "పెట్టె వేరే బొమ్మది" అని తెలుగులోనూ ఒడియాలోనూ చేత్తో రాసి ఉంటాయి. ఈ వ్యాపారంలో ఇంతటి నిజాయితీ అరుదు. నేనున్నప్పుడు ఒక యువకుడు తన తాతగారి డింకీ లారీ తెచ్చి, మళ్లీ రంగు వేసి ఇమ్మని అడిగాడు. "రంగు కావాలంటే వేరే చోటికి వెళ్లు బాబూ, నా దగ్గర తుడవడం వరకే" అని పెద్దాయన లారీని తిరిగి అతని చేతిలో పెట్టారు. రంగు వేయాలంటే ముందు రివిట్టు తొలిచి అడుగు రేకు ఊడదీయాలి, పాత రంగు రసాయనంతో కరిగించాలి. ఆ తరువాత ఆ లారీ చూడ్డానికి బాగుంటుందేమో గానీ సేకర్త ఇచ్చే ధర సగానికి సగం పడిపోతుంది. ఆయన చేసే శుభ్రత మాత్రం శ్రద్ధగా ఉంటుంది: గోరువెచ్చని నీరు, కొద్దిగా సబ్బు, మెత్తని కుంచె, నీటిలో నానబెట్టి అతికించే స్టిక్కర్లు ఉన్న చోట పొడి గుడ్డ మాత్రమే.

బ్రిటిష్ సరుకు విషయంలో ఇంత మంచి మాట చెప్పలేను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నాటి డింకీ అని చూపించిన ఒక బస్సు రంగు కింద సాలెగూడులా సన్నని పగుళ్లు పాకి ఉన్నాయి, ఇరుసు రంధ్రం చుట్టూ లోహం ఉబ్బింది. ఇది జింకు తెగులు. ఈ బొమ్మలు పోతపోసే జింకు మిశ్రమంలో సీసం వంటి మలినాలు కలిస్తే లోహం లోపలి రేణువుల అంచుల వెంట తుప్పు పట్టి, బొమ్మ ఉబ్బి, పగిలి, చివరకు ముక్కలవుతుంది. తేమ, వేడి దీన్ని త్వరపెడతాయి. దీనికి మందు లేదు. శుద్ధమైన జింకు వాడకం స్థిరపడ్డ తరువాతి బొమ్మల్లో ఈ బెడద చాలా తగ్గింది. అట్టముక్క మీద "పాతదనం వల్ల గీతలు" అని రాసి ఉంది. యజమాని మోసగించాలనుకున్నారని నేననను, ఆయనకు తెలిసిన సరుకు అది కాదంతే. ధర మాత్రం తెగులు లేని బస్సు ధరే. మ్యాచ్‌బాక్స్ కార్లలో కూడా 1969లో వచ్చిన, వేగంగా దొర్లే సూపర్‌ఫాస్ట్ చక్రాల వాటినీ అంతకుముందరి మామూలు చక్రాల వాటినీ ఒకే గంపలో, ఒకే ధరకు పెట్టారు. చూడగలిగే కన్నున్నవారికి ఇక్కడ లాభముంది.

పెట్టెల అసలు నకలు తేల్చడానికి ఆయన నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం వాడతారు. కొత్త కాగితంలో తెల్లదనం కోసం కలిపే పదార్థం ఆ వెలుతురులో నీలంగా మెరుస్తుంది, యుద్ధానికి ముందు నాటి అట్ట మెరవదు. పాత డింకీ పెట్టెలకు ఇది మంచి పరీక్షే. నిక్కీ కాలానికి అలాంటి కాగితం వాడుకలోకి వచ్చేసింది గనుక, వాటి విషయంలో దీపాన్నే నమ్ముకోవడం పొరపాటు. ముద్రణలోని చుక్కలను, మడతల అరుగుదలను భూతద్దంతో చూడాలి. ఈ మాట ఆయనతో అంటే ఒప్పుకోలేదు. 2013 అక్టోబరు ఫైలిన్ తుపానులో తడిసిన ఇళ్ల నుంచి వచ్చిన పెట్టెలు కొన్ని నీటి మరకలతో ఉన్నాయి. వాటిని అట్టముక్క మీద రాసి మరీ చవకగా ఇస్తున్నారు, అవి అసలైనవేనని నా అభిప్రాయం.

నిల్వ విషయంలో మాటకూ చేతకూ పొంతన లేదు. గోపాలపురం సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంది, వానకాలంలో ఊరి గాలి గోడలకు కూడా చెమట పట్టిస్తుంది. కొన్నవారికి ఆయన ఇచ్చే సలహాలన్నీ సరైనవే: వార్తాపత్రికలో చుట్టవద్దు, అందులోని ఆమ్లం రంగునూ పెట్టెనూ తినేస్తుంది, మెత్తని పీవీసీ సంచుల్లో పెట్టవద్దు, పాలీప్రొపిలీన్ డబ్బా వాడండి, సిలికా జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడండి, కలరా ఉండలు దగ్గరకే రానివ్వవద్దు, వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. మెత్తని టైర్లు ప్లాస్టిక్ చక్రాన్ని కరిగించే ప్రమాదముంది గనుక కార్లను ఒకదానికొకటి ఆనించవద్దని కూడా చెబుతారు. తీరా ఆయన సొంత సరుకు గాలి ఆడని ప్లైవుడ్ బీరువాలో ఉంది! చెక్క నుంచి, జిగురు నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి జింకుకు శత్రువు. అడుగు అరల్లోని కార్లకు రంగు లేని రేకుల మీద తెల్లని బూజులాంటి పొడి కనిపించింది. ఇనుప బీరువాకు మారితే చాలు, ఇంతకంటే చెప్పవలసింది లేదు.

సాయంత్రం నాలుగు తరువాత వెళ్లడం మంచిది, ఉదయం ఆయన తరచు ఉండరు. తెలుగు, ఒడియా, రైల్వే హిందీ మూడూ చెల్లుతాయి. ఫోన్‌లో ఫోటోలు పంపరు, వచ్చి చూసుకోమంటారు. సోంపేట, ఇచ్ఛాపురం వైపు వారికి ఇది ఇబ్బంది కాదు, హైదరాబాదు వారికి మాత్రం కష్టమే. కొన్నాక పార్శిల్ చేస్తారు, ఆ పని నిజంగా బాగుంది: కారును మెత్తని తెల్ల కాగితంలో చుట్టి, చక్రాల మీద బరువు పడకుండా నురగ ముక్కల మధ్య ఇరికించి, పాత పెట్టె ఉంటే దాన్ని కారుకు రాసుకోకుండా విడిగా అట్టల మధ్య పెట్టి కడతారు. దారిలో పెట్టె మూలలు నలగకుండా చేరాయి.